ఇల్లంతా ఊరికిచ్చేసిన ఫెలిక్స్ యాషెన్‌స్కీ
(ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ముందు ఒక బొమ్మ గురించి చెప్పి, ఆ తర్వాత మనిషి దగ్గరికి వస్తాను.

1894 మార్చిలో వార్సా నగరంలోని జఖెంటా ప్రదర్శనశాలలో ఒక తైలవర్ణ చిత్రం పెట్టారు. మూడు మీటర్లకు పైగా ఎత్తు. నల్లటి గుర్రం ఒకటి ముందుకాళ్లు గాల్లోకి లేపి చీకట్లోకి దూకబోతోంది. పళ్లు బయటపడ్డాయి, ముక్కుపుటాలు ఉబ్బాయి, నోట్లోంచి నురగ. దాని మెడను రెండు చేతులా కావలించుకుని ఒక స్త్రీ, ఒంటి మీద నూలుపోగు లేదు, కళ్లు మూసుకుని ఉంది. ఆమె ఎర్రజుట్టూ గుర్రం జూలూ కలిసిపోయి పైకెగురుతుంటాయి. వేసింది వ్వాదిస్వాఫ్ పొడ్కొవిన్‌స్కీ అనే కుర్ర చిత్రకారుడు. నెల రోజుల్లో సుమారు 12,000 మంది వచ్చి చూశారు. ఛీ అన్నవాళ్లున్నారు, నోరెళ్లబెట్టినవాళ్లున్నారు. ప్రదర్శన ముగిసే సమయానికి, ఏప్రిల్ 24న, ఆ చిత్రకారుడే కత్తి పట్టుకొచ్చి తన బొమ్మను తానే పరపరా కోసేశాడు. ఎందుకు కోశాడన్నదాని మీద వార్సాలో బోలెడు పుకార్లు పుట్టాయి. వాటి జోలికి నేను పోను. మరుసటి ఏడు జనవరిలో పొడ్కొవిన్‌స్కీ క్షయతో పోయాడు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు.

చిరిగిన ఆ బొమ్మను ఆయన పోయాక బాగుచేయించారు. 1901లో ఒకాయన వెయ్యి రూబుళ్లు పెట్టి దాన్ని కొన్నాడు. 1904లో క్రాకోవ్ నగరంలోని జాతీయ మ్యూజియానికి ఇచ్చేశాడు. ఇవాళ పోలండ్‌లో బడి పిల్లలకు కూడా తెలిసిన బొమ్మ అది. కొని, ఇచ్చిన ఆ మనిషి పేరు ఫెలిక్స్ యాషెన్‌స్కీ. ఈ సాయంత్రం ఆయన గురించి మాట్లాడదామని వచ్చాను.

ఆయన చేసిన పని బరువు అర్థం కావాలంటే ఆ కాలపు పోలండ్ గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. 1795 నుంచి 1918 దాకా ప్రపంచ పటంలో పోలండ్ అనే దేశం లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా మూడూ కలిసి పంచేసుకున్నాయి. వార్సా రష్యా చేతిలో, క్రాకోవ్ ఆస్ట్రియా చేతిలో. రాజు లేడు, ప్రభుత్వం లేదు. మిగతా దేశాల్లో మ్యూజియాలు పెట్టింది రాజులూ ప్రభుత్వాలూ. ఇక్కడ ఆ పని విడి మనుషుల మీద పడింది. ఇజబెలా చార్తొరిస్కా అనే రాకుమారి 1801లోనే పూవావి అనే ఊళ్లో తన తోటలో గుడిలాంటి కట్టడం కట్టించి, పోలిష్ చరిత్రకు సంబంధించిన వస్తువులు అందులో పెట్టింది. లియొనార్డో డావించీ వేసిన, ముంగిసలాంటి జంతువును ఒళ్లో పెట్టుకున్న యువతి బొమ్మను ఇటలీలో కొని తల్లికి తెచ్చింది ఆమె కొడుకే. 1830లో రష్యా మీద తిరుగుబాటు లేచి ఓడిపోయాక ఆ సేకరణను దాచి, పారిస్‌కు తరలించి, చివరికి 1870ల్లో క్రాకోవ్‌కు చేర్చారు. క్రాకోవ్‌కే ఎందుకంటే, ఆస్ట్రియా ఏలుబడిలో ఆ ప్రాంతానికి కొంత స్వపరిపాలన దొరికింది. పోలిష్ భాషలో పాఠాలు చెప్పుకోవచ్చు, సంఘాలు పెట్టుకోవచ్చు. క్రాకోవ్ జాతీయ మ్యూజియం కూడా అలా ఒక కానుకతోనే మొదలైంది. 1879లో హెన్రిక్ షెమిరాద్‌స్కీ అనే చిత్రకారుడు, నీరో చక్రవర్తి క్రైస్తవులను కాగడాల్లా కాల్పించే దృశ్యం ఉన్న తన పెద్ద చిత్రాన్ని నగరానికి ఇచ్చేశాడు. మిగతా చిత్రకారులు ఆయన వెంట నడిచారు. ఊరి నడిబొడ్డున పాతకాలపు బట్టల మండీ ఒకటుంది, సుకియెన్నిత్సె అంటారు. దాని మేడ మీద మ్యూజియం వెలిసింది.

ఆ కాలంలో దాతలు చాలామంది దేశం పోయిందన్న దుఃఖంతో పోగుచేశారు. పాత రాజుల కత్తులు, నాణేలు, పతకాలు, జెండాలు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, ఆ దుఃఖం నిజమైనది. యాషెన్‌స్కీ మాత్రం పోయినదాని వైపు కాకుండా, తన కళ్ల ముందు పుడుతున్నదాని వైపు తిరిగాడు. బతికున్న పోలిష్ చిత్రకారుల బొమ్మలు కొన్నాడు. వాటి పక్కన, ఎవరూ ఊహించని చోటి నుంచి, జపాన్ నుంచి వచ్చిన బొమ్మలు పెట్టాడు.

ఆయన 1861 జులై 8న వార్సాకు దగ్గర్లో గ్జెగొజెవిత్సె అనే ఊళ్లో పుట్టాడు. భూములున్న కుటుంబం, పెరిగింది ఒసుహూఫ్‌లోని సొంత ఎస్టేట్‌లో. చదువు కోసం ఇప్పటి ఎస్తోనియాలో ఉన్న దోర్పాత్‌కు, బెర్లిన్‌కు, పారిస్‌కు వెళ్లాడు. ఆర్థికశాస్త్రం, తత్వశాస్త్రం, సాహిత్యం, కళాచరిత్ర, అన్నీ కాస్తకాస్త రుచి చూశాడు. అసలు ప్రాణం మాత్రం సంగీతం. పియానో బాగా వాయించేవాడు. తర్వాత చిత్రకారులు ఆయన్ని కూర్చోబెట్టి వేసిన బొమ్మల్లో కొన్నిటిలో చేతులు పియానో మెట్ల మీద ఉండేది అందుకే.

పారిస్‌లో ఆయన ఉన్న 1880ల్లో జపాన్ వెర్రి తలకెక్కి ఉంది. రెండు వందల ఏళ్లకు పైగా తలుపులు మూసుకున్న జపాన్ 1850ల్లో వాటిని తెరవక తప్పలేదు. ఆ తర్వాత అక్కడి వస్తువులు ఓడల్లో యూరప్‌కి రావడం మొదలైంది. పింగాణీ, విసనకర్రలు, లక్క పెట్టెలు, వాటన్నిటికన్నా ముఖ్యంగా చెక్క అచ్చుల బొమ్మలు. మన పెడన కలంకారీ అద్దకం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది: ఒక్కో రంగుకు ఒక్కో చెక్క. జపాన్‌లో చిత్రకారుడు పల్చటి కాగితం మీద గీసి ఇస్తే, చెక్కేవాడు దాన్ని చెర్రీ పలక మీద అంటించి గీతలు మాత్రం మిగిలేలా చెక్కుతాడు. తర్వాత నీలానికో పలక, ఎరుపుకో పలక, ఆకుపచ్చకో పలక. పలక మూలలో చిన్న గుర్తు గాడి ఉంటుంది. కాగితం అంచు దానికి ఆనించి పెడితే రంగు తన చోట తాను పడుతుంది, వెంట్రుకవాసి కూడా జరగదు. అచ్చు వేసేవాడు కాగితం వీపు మీద అరచేతంత బిళ్లతో రుద్దుతాడు. ప్రెస్ లేదు, యంత్రం లేదు. ఊళ్లో మామూలు జనం కొనుక్కునే సరుకది. చౌక బొమ్మ.

హిరోషిగే అనే జపాన్ చిత్రకారుడు 1857లో వేసిన వంతెన మీద వాన బొమ్మ ఒకటుంది. మీలో కొందరు చూసే ఉంటారు, వాన్‌గోగ్ దాన్ని తైలవర్ణాల్లో నకలు వేశాడు. పైన నల్లటి మబ్బు. కాగితం పొడవునా సన్నటి నల్లగీతలు, రెండు వేర్వేరు వాలుల్లో, ఒకదానికొకటి అడ్డంగా. అంతే, వాన అయిపోయింది. వంతెన మీద మనుషులు గొడుగుల కిందా చాపల కిందా ముడుచుకుని పరుగెత్తుతున్నారు. ఒకే గొడుగు కింద ఇద్దరు ముగ్గురు ఇరుక్కున్నారు కూడా. అవతల నదిలో ఒంటరిగా పడవవాడు తెప్ప తోసుకుపోతున్నాడు. ఎవరి మొహమూ కనబడదు, కానీ అందరి తొందరా తెలుస్తుంది. ఆ గీతలను చెక్కలో అంత సన్నగా వదిలిన చేతికి పేరు లేదు. యాషెన్‌స్కీని కట్టిపడేసింది సరిగ్గా ఇలాంటిదే అని నా నమ్మకం: తక్కువ మాటలతో ఎక్కువ చెప్పడం. హిరోషిగే బొమ్మలు ఆయన దగ్గర వేలల్లో పోగయ్యాయి. హొకుసాయ్, ఉతమారో, షరకు అనే మిగతా జపాన్ చిత్రకారుల బొమ్మలూ ఉన్నాయి. వాటితో పాటు కిమోనోలు, కవచాలు, కత్తుల పిడి దగ్గర ఉండే లోహపు బిళ్లలు, నడుముకు కట్టుకునే చిన్నచిన్న దంతపు బొమ్మలు. ఇంత చేసీ ఆయన జీవితంలో ఒక్కసారి కూడా జపాన్ వెళ్లలేదు. అక్కడి నేల తొక్కకుండానే, కాగితాల మీదుగా ఆ దేశాన్ని అర్థం చేసుకున్నాడు.

1901లో ఆయన రెండు పనులు చేశాడు. కళ మీదా ప్రపంచం మీదా తన ఆలోచనలన్నీ ఫ్రెంచిలో లావుపాటి పుస్తకంగా వేశాడు. హొకుసాయ్ స్కెచ్చుల సంపుటాల పేరు మీదుగా దానికి ‘మాంగా’ అని పేరు పెట్టాడు, చివరికి అదే ఆయన కలంపేరుగా స్థిరపడిపోయింది. రెండోది, తన జపాన్ బొమ్మలను తీసుకెళ్లి అదే జఖెంటాలో ప్రదర్శనకు పెట్టాడు. వార్సా జనం నవ్వారు. ఇవేం బొమ్మలు, వీటిలో నీడేది, లోతేది అన్నారు. పత్రికలు ఎగతాళి చేశాయి. ఆయనకు ఒళ్లు మండింది. ఘాటైన మాటలు రాసిన కాగితాలు ప్రదర్శనలోనే తగిలించి జనాన్ని చెడామడా తిట్టాడు. అలా తిట్టడం వల్ల ఒక్కరైనా మారారని నేననుకోను. కానీ ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. ఈ జనానికి ఇది చాల్లే అనుకునేవాడికి కోపం రాదు, ఏదో ఒకటి చూపించి ఇంటికి పోతాడు. ఈ జనానికి మేలైనదే చూపించాలి, దాన్ని చూసే కళ్లు వీళ్లకు ఉండాలి అనుకున్నవాడికే అంత కోపం వస్తుంది.

ఆ దెబ్బతో వార్సా వదిలి క్రాకోవ్ చేరాడు. ఊరి పెద్ద చౌక్ మూలన, సెయింట్ జాన్ వీధి మొదట్లో ఒక మేడలో అద్దెకు దిగాడు. ఆ ఇంటి గురించి కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఆయన జీవితంలో అసలు పని జరిగింది అక్కడే.

గోడలకు నేల నుంచి పైకప్పు దాకా బొమ్మలు. నేల మీద తూర్పు దేశాల తివాచీలు, బల్లల మీద జపాన్ కంచు పాత్రలు, బీరువాల్లో మడతపెట్టిన పోలిష్ ప్రభువుల జరీ నడికట్లు, రైతుల ఇళ్లలో నేసిన కంబళ్లు, డ్రాయర్ల నిండా అచ్చు బొమ్మల దొంతరలు. మధ్యలో పియానో. వచ్చినవాళ్లకు ఆయనే ఒక్కో కాగితం తీసి, చేతికిచ్చి చూపించేవాడు. చిత్రకారులు, విద్యార్థులు, రచయితలు, పని లేక వచ్చినవాళ్లు, అందరికీ ఆ తలుపు తెరిచే ఉండేది. గాజు పెట్టె అవతలి నుంచి చూడటం వేరు. కాగితాన్ని చేతిలోకి తీసుకుని, దీపం కిందికి వంచి, పలక నొక్కిన చోట పడ్డ పల్లాన్ని వేలితో తడమటం వేరు. ఆ రెండో అవకాశం క్రాకోవ్ కుర్ర చిత్రకారులకు దొరికింది.

దాని ఫలితం బొమ్మల్లో కనిపిస్తుంది. స్తానిస్వాఫ్ విస్పియాన్‌స్కీ అనే గొప్ప కవి, నాటకకర్త, చిత్రకారుడు జబ్బుపడి ఇల్లు కదలలేని రోజుల్లో, 1904-05 చలికాలంలో, తన గది కిటికీలోంచి కనిపించే కొష్చూష్కో మట్టిదిబ్బను పేస్టల్ రంగుల్లో పదేపదే వేశాడు. పొద్దున ఒకసారి, మంచులో ఒకసారి, మబ్బు పట్టినప్పుడు ఒకసారి. అదే కిటికీ, అవే ఆకులు లేని చెట్లు, అదే దిబ్బ. ఫుజీ పర్వతాన్ని మళ్లీమళ్లీ వేసిన హొకుసాయ్ బొమ్మలు దీని వెనక ఉన్నాయని, అవి విస్పియాన్‌స్కీ దాకా వచ్చింది యాషెన్‌స్కీ ద్వారానేనని కళాచరిత్రకారులు చెబుతారు. ఇక్కడ ఒకటి గమనించండి. కొష్చూష్కో రష్యా మీద తిరుగుబాటు నడిపిన వీరుడు. ఆ దిబ్బ ఆయన స్మారకంగా జనం మట్టి మోసి పోసింది. జపాన్ పద్ధతి నేర్చుకుని విస్పియాన్‌స్కీ వేసింది ఫుజీని కాదు, తన ఊరి దిబ్బను. యాషెన్‌స్కీ కోరుకున్నదీ అదే. జపాన్‌వాళ్లు తమలా తాము ఉన్నారు, మనం మనలా ఉండటం వాళ్లను చూసి నేర్చుకుందాం అన్నది ఆయన వాదన. వాళ్లను అనుకరించమని ఆయన ఎన్నడూ అనలేదు.

చిత్రకారులు ఆ రుణం తమ పద్ధతిలో తీర్చుకున్నారు. యాత్సెక్ మాల్చెవ్‌స్కీ, ఓల్గా బొజ్నాన్‌స్కా, యూజెఫ్ పాంకియెవిచ్, లెయొన్ విచూవ్‌కోఫ్‌స్కీ, అందరూ ఆయన బొమ్మ వేశారు. విచూవ్‌కోఫ్‌స్కీ 1911లో వేసిన దాంట్లో నీలిరంగు తూర్పుదేశపు అంగీ తొడుక్కుని ఉంటాడు. గడ్డం, బట్టతల, ఎదుటివాణ్ని తూచే చూపు. అంతకుముందే ఆయన పోలిష్ అచ్చు బొమ్మల కళాకారులకు 1902లో ఒక సంఘం ఏర్పడటానికి చేయూతనిచ్చాడు. అచ్చు బొమ్మ అంటే రెండో రకం కళ అనే చిన్నచూపు అప్పట్లో గట్టిగా ఉండేది. దాన్ని పోగొట్టడానికి ఆయన పడ్డ తాపత్రయం గురించి మరో రోజు మాట్లాడుకోవచ్చు.

ఇప్పుడు దానం సంగతి. బయటినుంచి చూసేవాళ్లకు దానం అంటే సంతకం పెట్టడం అనిపిస్తుంది. యాషెన్‌స్కీ ఇస్తానని ముందుకొచ్చిన చాలా ఏళ్లకు గానీ అది కుదరలేదు. ఆయన షరతులు పెట్టాడు: సేకరణను ముక్కలు చేయకూడదు, క్రాకోవ్ దాటించకూడదు, జాతీయ మ్యూజియంలో తన పేరుతో ప్రత్యేక శాఖగా జనానికి చూపించాలి. మ్యూజియానికేమో చోటు లేదు. ఆయనదేమో మాట పడని స్వభావం. మ్యూజియం పెద్దలతో మాటామాటా పెరిగిన సందర్భాలున్నాయి. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం. 1918లో పోలండ్ మళ్లీ దేశమైంది. చివరికి 1920 మార్చి 11న దానపత్రం రాశారు. సుమారు 15,000 వస్తువులు. అందులో దాదాపు సగం జపాన్‌వి. మిగతావి పోలిష్ చిత్రాలు, శిల్పాలు, యూరప్ అచ్చు బొమ్మలు, నేత వస్త్రాలు, తివాచీలు, పుస్తకాలు.

ఆ షరతులను కొందరు అహం అన్నారు. నాకు అలా అనిపించదు. తన పేరు కావాలనుకున్నాడు, నిజమే. కానీ ‘ముక్కలు చేయొద్దు, చూపించండి’ అన్న రెండు మాటలు పేరు కోసం కాదు. పెద్ద మ్యూజియంలో కలిసిపోయిన సేకరణకు ఏమవుతుందో ఆయనకు తెలుసు. బాగున్న నాలుగు గోడకెక్కుతాయి, మిగతావి గోదాముకెళతాయి. హిరోషిగే వాన బొమ్మకూ రైతు కంబళికీ విస్పియాన్‌స్కీ దిబ్బకూ మధ్య ఆయన చూసిన చుట్టరికం అక్కడితో తెగిపోతుంది. ఆయన ఇవ్వాలనుకున్నది ఆ చుట్టరికాన్నే.

1929 ఏప్రిల్ 6న ఆయన క్రాకోవ్‌లోనే కన్నుమూశాడు. ఐదేళ్ల తర్వాత, 1934లో, షొవాయ్‌స్కీ వారు మ్యూజియానికి ఇచ్చిన పాత మేడలో ఆయన పేరుతో శాఖ తెరిచారు. మరో ఐదేళ్లకు యుద్ధం వచ్చింది. క్రాకోవ్‌ను జర్మన్లు తమ ఆక్రమిత ప్రాంతానికి రాజధాని చేసుకున్నారు. పోలిష్ మ్యూజియాలు మూతపడ్డాయి. అప్పుడో విచిత్రం జరిగింది. జపాన్ జర్మనీకి మిత్రదేశం కదా. 1944లో జర్మన్ అధికారులు సుకియెన్నిత్సెలో జపాన్ కళా ప్రదర్శన పెట్టారు. పెట్టినవి యాషెన్‌స్కీ వస్తువులే.

ఆ ప్రదర్శనకు పద్దెనిమిదేళ్ల పోలిష్ కుర్రాడొకడు వెళ్లాడు. సరైన కాగితాలు లేక తలదాచుకుంటున్నాడు. వీధిలో పట్టుబడితే ఏమవుతుందో తెలిసీ వెళ్లాడు. అంత వెలుగు, అంత క్రమం, అంత పొందిక అంతకుముందెప్పుడూ చూడలేదని, నిజమైన కళతో తన మొదటి పరిచయం అదేనని తర్వాత జీవితమంతా చెప్పుకున్నాడు. ఆయన పేరు ఆంద్రెయ్ వాయ్దా. అవును, సినిమా దర్శకుడు వాయ్దానే.

యుద్ధం అయ్యాక జపాన్ వస్తువుల్లో చాలా మటుకు మళ్లీ పెట్టెల్లోకి వెళ్లిపోయాయి. చూపించండి అన్న షరతు కాగితం మీద మిగిలింది. ఒకటి మాత్రం మ్యూజియం వైపు నుంచి చెప్పాలి. ఈ అచ్చు బొమ్మల్లో చాలా రంగులు వెలుతురుకు తట్టుకోలేవు. గులాబీ, ఊదా, కొన్ని నీలాలు ఏడాదంతా వెలుతురులో వేలాడదీస్తే వెలిసిపోతాయి. కొన్ని నెలలు చూపించి, తర్వాత ఏళ్లపాటు చీకట్లో విశ్రాంతినివ్వాలి. కాబట్టి వీటికి ఒక గది కేటాయిస్తే సరిపోదు. మార్చిమార్చి చూపించే మనుషులు, తగిన వెలుతురు, తగిన తేమ ఉన్న భవనం కావాలి. అలాంటిది క్రాకోవ్‌లో లేదు.

1987లో వాయ్దాకు జపాన్‌వారి క్యోతో బహుమతి వచ్చింది. చాలా పెద్ద మొత్తం. ఆయన మొత్తం డబ్బు యాషెన్‌స్కీ సేకరణకు ఇల్లు కట్టడానికి ఇచ్చేస్తున్నానని ప్రకటించాడు. భార్య క్రిస్తినా జఖ్వతోవిచ్‌తో కలిసి ఒక ఫౌండేషన్ పెట్టాడు. జపాన్ వాస్తుశిల్పి అరాతా ఇసొజాకి నమూనా గీసి కానుకగా ఇచ్చాడు. రెండు ప్రభుత్వాలూ చేయి కలిపాయి. అన్నిటికన్నా నా మనసుకు తాకింది, తూర్పు జపాన్ రైల్వే కార్మికుల సంఘం చందాలు పోగుచేసి పది లక్షల డాలర్లు ఇవ్వడం. టికెట్లు ఇచ్చేవాళ్లు, పట్టాలు చూసేవాళ్లు, తామెన్నడూ చూడని ఊళ్లో, తామెన్నడూ పేరు వినని మనిషి సేకరణ కోసం ఇచ్చారు. 1994 నవంబర్ 30న ఆ భవనం తెరుచుకుంది, విస్తులా నది ఒడ్డున, వావెల్ కోటకు ఎదురుగా. పైకప్పు అలలా వంపు తిరిగి ఉంటుంది. దానికి ‘మాంగా’ అనే పేరు పెట్టారు. 2007లో అది పూర్తిస్థాయి మ్యూజియం అయింది.

యాషెన్‌స్కీ దానపత్రం రాసిన నాటి నుంచి ఆ తలుపులు తెరుచుకునే నాటికి డెబ్బై నాలుగేళ్లు. ఇంత ఆలస్యానికి నాకు బాధే. ఆయన బతికుండగా క్రాకోవ్ ఇంకొంచెం తొందరపడి ఉంటే, ఆ అద్దె మేడలో వస్తువుల అమరిక ఎలా ఉండేదో అలాగే మనకు దక్కేది. పియానో పక్కన ఏ బొమ్మ, ఏ తివాచీ మీద ఏ కంచు పాత్ర అన్నది ఇప్పుడు ఫొటోలు చూసి ఊహించుకోవాల్సిందే.

క్రాకోవ్ వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకు ఒక మాట. సుకియెన్నిత్సె మేడ మీద పోలిష్ చిత్రాల గ్యాలరీకి, షొవాయ్‌స్కీ మేడకు, నది ఒడ్డున మాంగాకు, మూడింటికీ వెళ్లండి. ముందుగా వెబ్‌సైట్లలో ఇప్పుడేం చూపిస్తున్నారో చూసుకోండి. చెప్పాను కదా, అచ్చు బొమ్మలు మారుతూ ఉంటాయి, మీరు వెళ్లినప్పుడు ఉన్నవి మళ్లీ వెళ్తే ఉండకపోవచ్చు. బొమ్మ పక్కన ఉన్న చిన్న చీటీ కూడా చదవండి. ఎవరిచ్చారు అన్న వరుసలో ఆయన పేరు ఎన్నిసార్లు వస్తుందో మీకే ఆశ్చర్యం వేస్తుంది.

ఇక ప్రశ్నలకు వెళదాం. వెనక వరుసలో చెయ్యెత్తిన అమ్మాయితో మొదలుపెడదాం. చెప్పమ్మా.